మీరడిగారు – చెప్తున్నాం: యుద్ధం రోజుల్లో నార్వే పత్రికలో అమెరికా బొమ్మల కథలు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు బొమ్మల కథల మీదే వచ్చాయి, పోయిన సంచికలో పాత కామిక్స్ గురించి నాలుగు ముక్కలు రాశాం కదా, దాని పుణ్యమే అనుకుంటాను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈ పేజీలు మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను, ఎందుకంటే కవిటి నుంచి వచ్చిన ప్రశ్న అలాంటిది, చదివిన దగ్గర్నుంచి మనసులోంచి పోలేదు.

ప్రశ్న (కవిటి నుంచి ఒక పాఠకుడు): మాస్టారూ, మా అన్నయ్య షిప్పులో పనిచేస్తాడు, మా ఉద్దానంలో షిప్పులకెళ్ళిన కుర్రోళ్ళు చాలామందే ఉన్నారు మీకు తెలుసు కదండీ. మొన్న నార్వేలో బెర్గెన్ పోర్టులో దిగినప్పుడు పాత పుస్తకాల షాపులో ఒక బొమ్మల పత్రిక దొరికిందని వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాడు. మీద 1941 అని ఉంది, భాష వాళ్ళది, బొమ్మలు మాత్రం అమెరికా పేపర్లలో వచ్చినవే. ఇద్దరు అల్లరి పిల్లలు, ఒక గడ్డం కెప్టెను, వంట చేసుకునే లావుపాటి అమ్మ. నాకు అర్థం కానిది ఏటంటే అప్పటికి నార్వే జర్మనీ వాళ్ళ చేతిలో ఉంది కదా, మరి వాళ్ళు అమెరికా బొమ్మలు ఎలాగ వెయ్యనిచ్చారు? ఇంకోటి, అంత యుద్ధం జరుగుతుంటే ఆ బొమ్మల్లో యుద్ధం ఊసే లేదు, అదేటండి?

జవాబు: ముందు మీ అన్నయ్యకి మా తరఫున థాంక్స్ చెప్పండి, పోర్టులో దిగి బజారు తిరిగి వచ్చేసేవాళ్ళే ఎక్కువ, పాత పుస్తకాల షాపులోకి వెళ్ళి ఇలాంటిది వెతికి ఫోటో తీసేవాళ్ళు తక్కువ.

మీ మొదటి ప్రశ్నకి జవాబు రెండు తేదీల మధ్యలో ఉంది. జర్మనీ సైన్యం నార్వేలో దిగింది 1940 ఏప్రిల్ 9న. అదే జర్మనీ అమెరికా మీద యుద్ధం ప్రకటించింది 1941 డిసెంబర్ 11న. ఈ రెంటికీ మధ్య ఇరవై నెలలు ఉన్నాయి చూడండి, ఆ ఇరవై నెలలూ జర్మనీకి అమెరికా శత్రుదేశం కాదు, కనీసం కాగితం మీద కాదు. కాబట్టి ఆక్రమణలో ఉన్న దేశంలో 1941లో అమెరికా బొమ్మలు అచ్చయ్యాయంటే అందులో చట్టానికి విరుద్ధం ఏమీ లేదు, బొమ్మ కింద దాన్ని ఇచ్చిన అమెరికా కంపెనీ పేరు కూడా మామూలుగానే వేసుకోవచ్చు. డిసెంబర్ తర్వాత కథ మారింది, కొత్త సరుకు రావడం కష్టమైపోయింది.

ఇక్కడ సరుకు అంటే ఏంటో కొంచెం చెప్పాలి, ఇది తెలిస్తే మీ రెండో ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. అమెరికాలో ఒక ఆర్టిస్టు రోజూ గీసే బొమ్మల స్ట్రిప్ ఒక్క పేపర్లోనే రాదు, సిండికేట్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుని వందల పేపర్లకి అద్దెకిస్తుంది. వాటిలో పెద్దది హర్స్ట్ అనే పేపర్ల యజమాని పెట్టిన కింగ్ ఫీచర్స్. ఒరిజినల్ బొమ్మ ఎక్కడికీ పోదు, దాన్నుంచి నున్నటి కాగితం మీద తీసిన ప్రూఫులో, లేకపోతే అట్టలాంటి కాగితం గుజ్జు మీద ఒత్తిన అచ్చులో పార్సిల్‌లో వెళ్తాయి. ఆ అట్టలో కరిగించిన సీసం పోస్తే ప్రెస్సుకి ప్లేటు తయారు. ప్రూఫు అయితే దాన్ని ఫోటో తీసి జింకు బ్లాకు చేయించుకోవాలి, మన విజయనగరం, శ్రీకాకుళం ప్రెస్సుల్లో పనిచేసిన పెద్దవాళ్ళకి బ్లాకు అంటే చెప్పనక్కర్లేదు. స్కాండినేవియా దేశాల్లో ఈ వ్యాపారం చూసుకోవడానికి కార్నీలియస్ బుల్ అనే నార్వే ఆయన 1929లోనే ఒక ఏజెన్సీ పెట్టాడు, కింగ్ ఫీచర్స్ బొమ్మలు అక్కడి పత్రికలకి చేరేది ఆ దారినే. పక్కనున్న స్వీడన్ యుద్ధం మొత్తం తటస్థంగా ఉండిపోయింది కాబట్టి అక్కడి పత్రికల్లో అమెరికా బొమ్మలకి చోటు మిగిలింది.

ఇలా వచ్చిన బొమ్మలు వచ్చిన వారమే అచ్చవ్వాలని లేదు. వేరే దేశంలో, వేరే భాషలో వేసేటప్పుడు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు వెనక నడుస్తాయి, కొన్న బొమ్మలు ఆఫీసు బీరువాలో కూర్చుంటాయి, అవసరమైనప్పుడు తీస్తారు. 1938లో న్యూయార్క్‌లో శాంతిగా ఉన్న రోజుల్లో గీసిన బొమ్మ 1941లో బెర్గెన్‌లో పిల్లాడి చేతికి చేరొచ్చు. అందుకే యుద్ధం ఊసు లేదు. ఆ పిల్లాడి వీధిలో జర్మనీ సైనికులు తిరుగుతున్నారు, వాడి చేతిలో బొమ్మలో మాత్రం యుద్ధం ఇంకా మొదలవ్వలేదు. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది అండీ, ఎందుకంటే ఆ పిల్లాడు చదివింది అమెరికాలో వచ్చిన కథ కాదు, అదే బొమ్మ అయినా వేరే కథ, ఏ రోజున ఏ ఊళ్ళో చేతికి వచ్చింది అన్నదాన్ని బట్టి బొమ్మ అర్థం మారిపోతుంది.

ఇంకా మీ అన్నయ్య పంపిన ఫోటోల్ని పెద్దవి చేసి చూడండి, బొమ్మల సైజులు ఒకేలా ఉన్నాయా లేదా అని. అమెరికా పేపర్లో రోజూ వచ్చే స్ట్రిప్పులో మూడో నాలుగో గళ్ళు ఉంటాయి, సీరియల్ కథ అయితే మొదటి గడిలో నిన్న ఏం జరిగిందో మళ్ళీ చెప్తారు, నిన్న పేపరు కొననివాడి కోసం. పత్రికలో వారం స్ట్రిప్పులు ఒకే పేజీలో పేర్చినప్పుడు ఆ గడి అడ్డం వస్తుంది, కోసేస్తారు. ఆదివారం పేజీ అయితే ఇంకో పద్ధతి, పై వరస గళ్ళు తీసేసినా కథ దెబ్బతినకుండా ముందే ఆలోచించి గీస్తారు, ఎందుకంటే కొన్ని పేపర్లు పేజీ మొత్తం ఇస్తాయి, కొన్ని సగమే ఇస్తాయి. పెద్ద చీర కోసి చిన్నపిల్లకి గౌను కుట్టినట్టు, ఎక్కడ కొయ్యాలో తెలిసిన చెయ్యి కావాలి. కోశాక మిగిలిన ఖాళీలో చెట్టు కొమ్మో గోడో పొడిగించి గీసేది ఆ పత్రిక ఆఫీసులో ఆర్టిస్టు. మాటల బుడగలో ఇంగ్లీషు చెరిపేసి తమ భాష రాసేది ఇంకొకడు, యూరప్‌లో చాలాచోట్ల బుడగలు మొత్తం తీసేసి మాటలన్నీ బొమ్మ కింద అచ్చక్షరాల్లో పెట్టేవాళ్ళు కూడా. వీళ్ళ పేర్లు పత్రికలో ఎక్కడా కనిపించవు. నన్నడిగితే ఇలాంటి పత్రిక దొరికినప్పుడు ముందు చూడాల్సింది అమెరికా ఆర్టిస్టు సంతకం కాదు, ఈ పేరు లేనివాళ్ళ పనితనం. అది అమెరికాలో ఉన్న ఒరిజినల్‌లో దొరకదు, ఈ పుస్తకంలోనే దొరుకుతుంది.

సెన్సారు సంగతి కూడా చెప్పాలి. ఆక్రమణలో నార్వే పేపర్లు సొంతంగా ఏదీ రాయడానికి లేదు, 1941 శరదృతువులో ఇళ్ళల్లో రేడియోలు కూడా పట్టుకుపోయారు, జర్మనీ వాళ్ళతో చేతులు కలిపిన నార్వే నాయకుడు క్విజ్లింగ్ పార్టీ వాళ్ళకి తప్ప. 1942లో అయితే ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకోవడమే నేరం చేశారు, జనం అది నిరసనగా పెట్టుకుంటున్నారని. టోపీ రంగుకే అంత భయపడ్డ పాలనలో ఒక బొమ్మల పత్రిక నడిపే ఎడిటరు ప్రతి గడినీ ఎన్నిసార్లు చూసుకుని ఉంటాడో ఆలోచించండి. ఇంట్లో అల్లరి, వంటింటి గొడవలు, సముద్రం మీద ప్రయాణాలు ఉన్న కథలైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సరుకు ఆగిపోయినచోట ఏం జరిగిందో అది ఇంకా బాగుంటుంది. హాలండ్‌లో ఒక దినపత్రికకి డిస్నీ మిక్కీ మౌస్ స్ట్రిప్ రావడం ఆగిపోతే ఆ ఖాళీలో 1941 మార్చిలో మార్టెన్ టూండర్ అనే కుర్ర ఆర్టిస్టు ఒక పిల్లి కథ మొదలెట్టాడు, ఆ పిల్లి టామ్ పూస్ తర్వాత దేశం మొత్తానికి ఇంటిమనిషి అయిపోయింది. బెల్జియంలో ఫ్లాష్ గార్డన్ అనే అమెరికా సైన్స్ బొమ్మల కథ పేజీలు రావడం ఆగితే మధ్యలో ఉన్న కథని ముగించడానికి ఎడ్గార్ జేకబ్స్ చేత గీయించారు, ఆయన అక్కడ చెయ్యి తిప్పుకుని 1943లో సొంత సైన్స్ కథ మొదలెట్టాడు, తర్వాత యూరప్ కామిక్స్‌లో పెద్దపేరు అయ్యాడు. నార్వేలో కూడా పల్లెటూరి పిల్లల కథ వాంగ్స్‌గుటానె 1940లో మొదలై యుద్ధం రోజుల్లోనే ఇంటింటికీ చేరింది, ఆ బొమ్మలు గీసిన యెన్స్ నిల్సెన్ అప్పటికే వాళ్ళ పత్రికల్లో పేరున్న ఆర్టిస్టు. బయటి సరుకు ఆగడం మంచిదని నేను అనట్లేదు, పార్సిల్ రాని వారం కూడా పత్రిక వెయ్యాలి, పిల్లలు ఎదురు చూస్తుంటారు, ఆ అవసరంలోంచి సొంత ఆర్టిస్టులు బయటికొచ్చారు అంటున్నాను అంతే.

ఇది మనకి సంబంధం లేని దూరపు సంగతి అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి, అప్పటికి మన శ్రీకాకుళం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది, 1950లో కదా విడిపోయింది. మన తాతలూ ఆ యుద్ధంలో ఉన్నవాళ్ళే.

ప్రశ్న (బొబ్బిలి నుంచి ఒక టీచరమ్మ): కవిటి తమ్ముడి ఫోటోలు మా వాట్సాప్ గ్రూపుకీ వచ్చాయండి. ఆ అల్లరి పిల్లలు చూడ్డానికి జర్మనీ పిల్లల్లాగే ఉన్నారు, అమెరికా బొమ్మ అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరు వాళ్ళు?

జవాబు: మీ కన్ను మంచిది మేడమ్. వాళ్ళు హాన్స్, ఫ్రిట్జ్, అమెరికాలో ఆ స్ట్రిప్ పేరు కాట్జెన్‌జామర్ కిడ్స్. గీసింది రుడాల్ఫ్ డిర్క్స్, జర్మనీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు, 1897 డిసెంబర్‌లో హర్స్ట్ పేపరు న్యూయార్క్ జర్నల్‌లో మొదలెట్టాడు. దానికి మూలం జర్మనీలో 1865లో విల్హెల్మ్ బుష్ గీసిన మాక్స్, మోరిట్జ్ అనే ఇద్దరు తుంటరి పిల్లల కథ. అంటే ఈ పిల్లలు జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి, అక్కణ్ణుంచి నార్వే వచ్చి, అక్కడ నోల్, టోట్ అని పేరు మార్చుకుని, జర్మనీ సైన్యం కళ్ళముందే అల్లరి చేశారన్నమాట. నార్వేలో వీళ్ళ పుస్తకం మొదట 1911 క్రిస్మస్‌కి వచ్చింది, మన దగ్గర దీపావళి ప్రత్యేక సంచికలు వచ్చేవి కదా, అలాగ అక్కడ క్రిస్మస్‌కి బొమ్మల పుస్తకం కొనుక్కోవడం ఆనవాయితీ, ఇప్పటికీ ఉంది.

ఇంకో విషయం. డిర్క్స్‌కీ హర్స్ట్ కంపెనీకీ గొడవ వచ్చి కోర్టుకెక్కారు. కోర్టు పేరేమో కంపెనీకి ఇచ్చింది, ఆ పాత్రల్ని వేరే పేరుతో గీసుకునే హక్కు డిర్క్స్‌కి ఇచ్చింది. దాంతో అవే పిల్లలు, అదే అమ్మ, అదే కెప్టెను, రెండు వేరే వేరే స్ట్రిప్పుల్లో, ఇద్దరు వేరే ఆర్టిస్టుల చేత దశాబ్దాలపాటు నడిచారు, ఒకటి కంపెనీ కోసం హెరాల్డ్ నెర్ గీసింది, రెండోది డిర్క్స్ సొంతది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలో జర్మనీ పేరెత్తితే జనం మండిపడుతున్న రోజుల్లో నెర్ స్ట్రిప్‌కి పేరు మార్చేసి, ఈ పిల్లలు జర్మనీ వాళ్ళు కాదు హాలండ్ వాళ్ళు అని కథలోనే చెప్పించారు, 1920 వచ్చాక మళ్ళీ పాత పేరు పెట్టారు. కాబట్టి మీ దగ్గరున్న ఫోటోలో బొమ్మ డిర్క్స్‌దా నెర్‌దా అన్నది సంతకం చూసే చెప్పాలి, సంతకం కోసేస్తే గీత చూసి చెప్పాలి, అది అలవాటైన కన్నుకే తెలుస్తుంది.

పిల్లలకి బళ్ళో చూపించండి మేడమ్, ఒక్క బొమ్మ పెట్టి భూగోళం, చరిత్ర రెండూ చెప్పొచ్చు.

ప్రశ్న (టెక్కలి నుంచి డిగ్రీ స్టూడెంట్): అమెరికాలోనే నార్వే భాషలో కామిక్స్ వచ్చేవా సార్?

జవాబు: వచ్చేవి బాబూ. నార్వే నుంచి లక్షలమంది అమెరికా వలస వెళ్ళారు, వాళ్ళకి సొంత పేపర్లు ఉండేవి. అయోవా రాష్ట్రంలో డెకోరా అనే ఊరి నుంచి వచ్చే డెకోరా-పోస్టెన్‌లో మిన్నెసోటా రైతు పీటర్ రోసెండాల్ 1918 నుంచి 1935 దాకా ఓలా, పెర్ అనే ఇద్దరు నార్వే రైతుల మీద స్ట్రిప్ గీశాడు, కొత్త దేశంలో కొత్త మిషన్లతో వాళ్ళు పడే పాట్లు, మాట సగం నార్వే సగం ఇంగ్లీషు. ఆయన గీయడం మానేశాక కూడా పాఠకులు ఊరుకోలేదు, ఆ పేపరు 1972లో మూతపడేదాకా పాతవే తిప్పి తిప్పి వేశారు. పొలం పనులు లేని చలికాలంలో కూర్చుని గీసిన రైతు ఆయన, నాకు పెద్ద పెద్ద సిండికేట్ ఆర్టిస్టుల కంటే ఈయన మీదే గౌరవం ఎక్కువ.

యుద్ధం వచ్చాక న్యూయార్క్ బ్రూక్లిన్‌లో నార్వే మాట ఇంకా ఎక్కువ వినిపించింది. దేశం జర్మనీ చేతిలోకి పోయినా నార్వే వ్యాపార ఓడల్లో వెయ్యి దాకా బయట సముద్రాల మీదే ఉన్నాయి, వాటిని నార్ట్రాషిప్ అనే సంస్థ కిందికి తెచ్చి లండన్, న్యూయార్క్ ఆఫీసుల నుంచి మిత్రదేశాల కోసం నడిపారు. ఇంటికి వెళ్ళే దారి లేదు, ఉత్తరాలు సరిగా రావు, టార్పెడో ఎప్పుడు తగులుతుందో తెలీదు, వేలమంది సముద్రంలోనే పోయారు. ఒడ్డుకి దిగిన నావికుడికి బ్రూక్లిన్‌లో అచ్చయ్యే నోర్డిస్క్ టిడెండె లాంటి సొంత భాష పేపరు దొరకడం అంటే ఏంటో ఉద్దానంలో షిప్పులకెళ్ళిన ఇళ్ళవాళ్ళకి నేను చెప్పాలా.

ప్రశ్న (పలాస నుంచి ఫాంటమ్ అభిమాని): యుద్ధం టైంలో నార్వేలో రహస్యంగా పోరాడినవాళ్ళు ఫాంటమ్ పేరుని పాస్‌వర్డుగా వాడారంట, నిజమేనా?

జవాబు: ఈ కథ చాలాచోట్ల చెప్తారు, అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్‌ని పుట్టించిన లీ ఫాక్ కూడా నార్వేలో ఆ రోజుల్లో ఫాంటమ్ ఆగకుండా రావడం గురించి గర్వంగా చెప్పుకునేవాడు, అమెరికా నాశనమైపోయిందని జర్మనీ వాళ్ళు ప్రచారం చేస్తుంటే ఫాంటమ్ కొత్త కథ వస్తోంది కాబట్టి అది అబద్ధమని జనానికి తెలిసిందని. పాస్‌వర్డు సంగతిని నేను చెప్పుకునే కథగానే తీసుకుంటాను, చరిత్రగా కాదు. గట్టిగా చెప్పగలిగేది ఏంటంటే పక్కనున్న స్వీడన్‌లో 1940 నుంచే వెకో-రెవ్యూన్ అనే వారపత్రికలో ఫాంటమ్ వస్తోంది, స్వీడన్, నార్వే భాషలు ఒకరిది ఒకరికి అర్థమయ్యేంత దగ్గర.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. అమెరికాలో 1936 ఫిబ్రవరి 17న మొదలైన ఫాంటమ్ అడవి మొదట్లో బెంగాలీ అనే పేరుతో మన వైపు దేశంలాగే ఉండేది, తర్వాత మెల్లగా ఆఫ్రికాకి జరిగింది. మన దగ్గర 1964లో ఇంద్రజాల్ కామిక్స్ వచ్చినప్పుడు ఆ పేరు డెంకాలి అయింది, మన పాఠకులకి ఇబ్బంది లేకుండా. నార్వే ఎడిటరు చేసిన పనే ఇక్కడ మన ఎడిటరూ చేశాడు.

ఇంకా మీరు బొమ్మల్లో నార్వే వెతుకుతుంటే ప్రిన్స్ వేలియంట్ చూడండి, హాల్ ఫాస్టర్ 1937లో మొదలెట్టింది, ఆ రాకుమారుడి సొంత దేశం థూలే ఇప్పటి నార్వేలో ట్రాండ్‌హైమ్ దగ్గర ఉందని కథలో చెప్తారు.

ప్రశ్న (విజయనగరం, గంటస్తంభం దగ్గర నుంచి): మా మావగారి ట్రంకు పెట్టెలో పాత వారపత్రికలు కట్టలు కట్టలు ఉన్నాయండి, కొన్నింట్లో ఇంగ్లీషు బొమ్మల కథలు కూడా ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం, పాత పేపర్ల బండికి వేసేద్దామంటున్నారు మావారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, దయచేసి బండికి వెయ్యకండి. ముందు మీవారిని కూర్చోబెట్టి పైన కవిటి వాళ్ళ ప్రశ్న చదివించండి.

తర్వాత, ఎండలో ఆరబెట్టొద్దు, కాగితం ఇంకా పెళుసైపోతుంది, నీడలో గాలికి పెట్టండి. చిరిగినచోట సెల్లో టేపు అంటించొద్దు, కొన్నేళ్ళకి జిగురు పచ్చగా ఊరి అక్షరాలు తినేస్తుంది. లామినేషన్ అస్సలు వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీయలేరు. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన పిన్నులు తీసేసి శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పెట్టండి, కలరా ఉండలు పక్కన వేసినా కాగితానికి తగలనివ్వకండి, నేలకి ఆనించి పెడితే మన వానాకాలంలో చెమ్మ, చెదలు రెండూ వస్తాయి కాబట్టి ఎత్తు మీద ఉంచండి. బొమ్మల పేజీలు మాత్రమే కత్తిరించి దాచుకోవడం చాలామంది చేస్తారు, అది చెయ్యకండి. పక్కనున్న ప్రకటన, ధర, తేదీ, పాఠకుల ఉత్తరం, అవన్నీ పోతే ఆ బొమ్మ ఏ రోజుదో ఎవరు చదివారో తెలీకుండా పోతుంది. కత్తిరించకుండా మొత్తం సంచిక ఉంచండి, చోటు లేకపోతే ఫోన్‌తోనే అట్ట నుంచి అట్ట దాకా ఫోటోలు తీసి పెట్టుకోండి.

తెలుగు పత్రికలు అయితే శ్రీకాకుళంలో కథానిలయం వాళ్ళని ఒకసారి అడగండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన లైబ్రరీ అది, తెలుగు కథ అచ్చయిన ప్రతి పత్రికనీ వెతికి తెచ్చి పెట్టాలని ఆయన జీవితం పెట్టారు, ఊరూరూ తిరిగి ఇలాంటి ట్రంకు పెట్టెలు తెరిపించారు. మీ దగ్గరున్న సంచిక వాళ్ళ దగ్గర లేనిదే కావచ్చు.

ప్రశ్న (కవిటి పాఠకుడిదే, ఇంకో ఉత్తరంలో): మా అన్నయ్య ఆ పత్రిక కొనేశాడండి, ఇంటికి తెస్తున్నాడు. అందులో బొమ్మలు అమెరికాలో అసలు ఏ తేదీన వచ్చాయో పట్టుకోవడం ఎలాగ?

జవాబు: చాలా సంతోషం. గళ్ళ మధ్య సందుల్లో, బొమ్మ అడుగున మూలల్లో వెతకండి, సన్నటి అక్షరాల్లో సంవత్సరం, సిండికేట్ పేరు ఉంటాయి, రోజువారీ స్ట్రిప్ అయితే దాని పక్కనే 3-14 లాంటి అంకెలు ఉండొచ్చు. అది మార్చి 14, అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు, మనలాగ తేదీ ముందు అనుకుంటే లెక్క తప్పుతుంది. కొన్నిచోట్ల పత్రికవాళ్ళు గడి కోసేటప్పుడు అది కూడా పోతుంది, అప్పుడు ఆ పేజీలో మిగతా స్ట్రిప్పుల మీద ఉన్న తేదీలు చూసి దగ్గరగా అంచనా వెయ్యాలి. అమెరికా పాత దినపత్రికలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు కాబట్టి తేదీ దొరికితే ఒరిజినల్ తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు, ఏ గడి కోశారు, ఏ గోడ పొడిగించారు, అన్నీ బయటపడతాయి. అన్నయ్య రాగానే ఆ మూలలు వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి మాకు పంపండి, రెండు పేజీలూ పక్కపక్కన ఇక్కడే అచ్చేద్దాం.